యాభై కేబీ లోపల

కొర్లగుంటలో రాత్రి పదిన్నర.
మా తమ్ముడు నాదముని తల తుడుచుకుంటా వచ్చి
"అక్కా, ఫోటో యాభై కేబీ లోపల ఉండాలంట,
రేపే ఆఖరు" అన్నాడు.
కొండ మీదికి జీపు తోలే పని.
ట్రావెల్సోళ్ళ కార్డుకి మొహం కావాలంట.

మానిటరు మీద కప్పిన నైటీ గుడ్డ తీసినా.
సీపీయూ లోపల ఫ్యాను దగ్గుతా దగ్గుతా లేచేదాకా
రెండు గుప్పిళ్ళు పెసలు ఏరినా.

వాడు కెమెరాని చూస్తే తప్పుకునే రకం.
పెండ్లిలో వెనక వరసన ఒక భుజం,
గృహప్రవేశంలో సగం చెవి,
రేణిగుంట స్టేషన్లో వీపు.
నిండుగా నిలబడింది గంగజాతరలోనే,
ఏడాదికొక దినం, చీర కట్టుకోని.

మూడేండ్లప్పుడు వాంతులూ బేదులై వాడు చెయ్యి దాటిపోతా ఉంటే
మా యమ్మ మొక్కుకునింది,
"బతికితే ఏటేటా ఆడవేసం కట్టిస్తా తల్లీ" అని.
బతికినాడు.
కడతా ఉండాడు.

పదకొండు ఫోల్డర్లు.
జాతర, జాతర కొత్తది, జాతర కొత్తది రెండు,
న్యూ ఫోల్డర్, ఇంకొక న్యూ ఫోల్డర్.
అన్నిట్నీ చిన్న బొమ్మలు చేసి పరిచినా,
మిద్దె మీద వడియాలు పెట్టినట్ట.

ఈ మామిడిపండు రంగు వెంకటగిరి చీర నాది.
మరుసటి నెలే సైకిలు చక్రంలో పడి చినిగింది.
ఈ నెమలికంఠం నీలం నాది,
చీటీ పాడి, లీలామహల్ కాడ కొన్నది.
ఈ పచ్చది నారాయణవనం నేత.
ముందు వానికే కట్టినా, గంధం మరకలు పోలా,
నేను ఒక్కసారీ కట్టలా.
పదకొండేండ్ల నా చీరలు
వరసగా వాని ఒంటి మీద.
యాడా నేను లేను.
కెమెరా నా చేతిలో ఉండె గదా.
ఒక్కదాంట్లో మాత్రం వాని కాళ్ళ కాడ నా నీడ,
మోచేతులు రెండూ ఎత్తుకోని
చెవుల గంగాళం లాగా.

"దీంట్లో మొహం కత్తిరించరాదా" అన్నాడు.
కత్తిరించినా. పసుపు, పావలా కాసంత బొట్టు, ముక్కుపుడక.
పక్కన: నాదముని, పురుషుడు.
ఇద్దరం నవ్వినాం, పెసలు దొర్లిపోయినాయి.

నవ్వుతానే ఊరికే తగ్గించి చూసినా,
నాలుగు వేలున్నదాన్ని రెండు వందలకి.
ముందు పోయింది జరీ.
ఆ తర్వాత వెనక జనం, వేపమండలు, సున్నపు కుండలోళ్ళు.
ముక్కుపుడక ఒక తెల్ల గడి అయిపోయింది.
కడాకు కాటిక మిగిలింది,
రెండు నల్ల చుక్కలు, నన్నే చూస్తా.
సేవ్ అన్నా.
ఉన్నదాని మీదనే రాసేదా, అని అడిగింది.

వేలు ఆపినా. నోరు ఎండిపోయింది.
ఉతుక్కి ముడుచుకున్న నూలు చీరైతే
తడి చల్లి, ఇస్త్రీ పెట్టి, ఇంత సాగదీయొచ్చు.
ఇది సాగదు.
వద్దు, అన్నా.

గోడకి తెల్ల పంచె కట్టి వాన్ని నిలబెట్టినా.
చేతులు యాడ పెట్టుకోవాల్నో తెలీక
అలవాటుగా నడుం మీదికి పోయినాయి.
"చేతులు పడవులేరా, మొహమే" అన్నా.
నలభై ఏడు కేబీ. సరిపోయింది.
వాడు పోయి పండుకున్నాడు.

నేను పండుకోలా.
హార్డ్ డిస్కు తగిలిచ్చి
పదకొండు ఫోల్డర్లూ పట్టి దాంట్లోకి లాగినా.
నలభై నిమిషాలు, అనింది. మళ్ళా గంట. మళ్ళా పన్నెండు నిమిషాలు.
చీటీల రుక్మాంగదం మాట కూడా ఇట్లే ఉంటాది.
పచ్చ గీత పాకతా ఉండాది.
కరెంటు పోకుండా చూడమని గంగమ్మకి ఒక మాట చెప్పుకున్నా.
చీర మొక్కలా. టెంకాయే.

ఒంటిగంటకి అయింది.
డిస్కుని పాత పావడ గుడ్డలో చుట్టి,
పైన తెల్ల ప్లాస్టరు ముక్క అతికించి
నాదముని అని రాసి
కొట్టేసి
చీరలు అని రాసినా.
బీరువాలో, చీరల అడుగున పెట్టినా.

పళ్ళెంలో పెసలు సగం అట్లే ఉండాయి.